మోయగలిగినంతే తగిలించుకుందాం
చిన్న కారు, పెద్ద కుటుంబం, ప్రయాణపు ట్రైలర్ – ఎంపికలో పాటించవలసిన లెక్కలు, మర్యాదలు

శృంగవరపుకోటలో మా వద్ద ఖురాన్ పఠనం నేర్చుకున్న ఒక విద్యార్థి ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. భార్య, ముగ్గురు పిల్లలు. మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న తల్లి ఆరు నెలలు కుమారుని వద్ద గడపడానికి ఇక్కడి నుంచి బయలుదేరనున్న సందర్భంలో అతడు నాకు ఫోను చేశాడు.

"హజ్రత్, అమ్మను కొలరాడో కొండలకు తీసుకువెళ్లాలని ఉంది. దారిలో ఆమెకు శౌచాలయం, వుజూ, నమాజు, హలాల్ భోజనం అన్నీ ఇబ్బందే. అందుకని కారు వెనుక తగిలించుకునే ఇల్లు లాంటి ట్రైలర్ కొనాలనుకుంటున్నాను. ఇరవై అడుగులది చూశాను. మా కారు దానిని లాగుతుందని అమ్మేవారు చెప్పారు. పన్నెండేళ్ల వాయిదాల మీద ఇస్తామంటున్నారు. మీరు దుఆ చేయండి" అన్నాడు.

దుఆ చేయడానికి ముందు రెండు ప్రశ్నలు అడిగాను. "వాయిదాలంటే వడ్డీయేనా?" అన్నది మొదటిది. "లాగుతుందన్నారు సరే, ఆపుతుందన్నారా?" అన్నది రెండవది. రెండింటికీ అతడు కొంతసేపు మౌనం వహించాడు. ఆ మౌనం నుంచి మొదలైన సంభాషణ మూడు వారాలు సాగింది. కాగితం మీద లెక్కలు వేశాం, వాహనాల పుస్తకాలు తిరగేశాం. విదేశాలలో ఉన్న మన తెలుగు ముస్లిం కుటుంబాలు అనేకం ఇలాంటి ఆలోచనలే చేస్తున్నాయి. వారి తల్లిదండ్రులు ఇక్కడ ఈ పత్రిక చదువుతున్నారు. కనుక ఆ సంభాషణ సారాంశం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ఒంటె మొర

దైవప్రవక్త (స) ఒకనాడు ఒక అన్సారీ తోటలో ప్రవేశించారు. అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగింది, దాని కళ్లు చెమర్చాయి. ఆయన దాని తల నిమిరి, యజమాని ఎవరని విచారించారు. ఒక యువకుడు ముందుకు వచ్చాడు. అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ జీవి విషయంలో నీకు దైవభీతి లేదా అని ప్రవక్త (స) అతనిని మందలించారు. నీవు దానిని ఆకలితో ఉంచుతున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది నాతో మొరపెట్టుకుందని తెలియజేశారు. ఈ ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

కారుకు ప్రాణం లేదు, కనుక దాని మీద ఎంత బరువైనా వేయవచ్చునని ఎవరైనా అనవచ్చు. నిజమే, కారు మూలగదు, కన్నీరు పెట్టదు. ప్రమాదం అక్కడే ఉంది. ఒంటె ముందుగానే మొరపెట్టుకుంటుంది. యంత్రం మాత్రం కొండ దిగుతున్నప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదిలిన తరువాతనే తన కష్టం చెబుతుంది. అప్పుడు బాధపడేది ఇనుము కాదు. లోపల కూర్చున్న తల్లి, పిల్లలు, ఎదురుగా వస్తున్న మరొక కుటుంబం. కనుక యంత్రం విషయంలో లెక్కయే దాని నాలుక. ఆ లెక్కను వినడం మన బాధ్యత.

ఎవరికీ శక్తికి మించిన భారం వేయనని అల్లాహ్ బఖరా అధ్యాయం చివరి వాక్యంలో హామీ ఇచ్చాడు. సృష్టికర్తే పాటించే న్యాయాన్ని మనం మన వాహనం విషయంలో ఉల్లంఘించడం తగునా?

మూడు సంఖ్యలు

అమెరికాలో ప్రతి కారుకూ తయారీదారు లాగుడు సామర్థ్యాన్ని నిర్ణయిస్తాడు. మన కుటుంబాలు ఎక్కువగా వాడే కార్లలో హోండా సీఆర్‌వీ వంటివి 1,500 పౌండ్లు, అంటే సుమారు 680 కిలోలు లాగగలవు. మా విద్యార్థి వాడే టొయోటా సియెన్నా సామర్థ్యం 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు. అమ్మకందారులు సాధారణంగా ఈ ఒక్క సంఖ్యను, ట్రైలర్ ఖాళీ బరువును పక్కపక్కన పెట్టి, రెండవది తక్కువగా ఉంటే సరిపోయిందంటారు. నిజానికి చూడవలసినవి మూడు సంఖ్యలు.

మొదటిది, ట్రైలర్ నిండు బరువు. ఖాళీ బరువు కర్మాగారం గుమ్మం దగ్గరి బరువు మాత్రమే. ఖాళీ ట్రైలర్‌తో ఎవరూ ప్రయాణం చేయరు. మా విద్యార్థి చూసిన ట్రైలర్ ఖాళీ బరువు 3,300 పౌండ్లు. ముప్పై గ్యాలన్ల నీళ్లు నింపితే 250 పౌండ్లు. రెండు గ్యాస్ సిలిండర్లు 75, బ్యాటరీ 50. పరుపులు, పాత్రలు, బియ్యం, బట్టలు, కుర్చీలు, గొట్టాలు కలిపి 400. మొత్తం 4,075 పౌండ్లు. కారు సామర్థ్యం కంటే 575 పౌండ్లు, అంటే 260 కిలోలు అధికం. "లాగుతుంది" అన్న మాట ఇక్కడే కూలిపోయింది.

రెండవది, కొక్కెం మీది బరువు. ట్రైలర్ ముందుభాగం కారు కొక్కెం మీద నిలువుగా మోపే బరువును అక్కడివారు టంగ్ వెయిట్ అంటారు. అది నిండు బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. ఈ మాట చెప్పినప్పుడు నాకు చిన్నతనంలో భీమసింగి చక్కెర కర్మాగారానికి చెరకు తోలుకెళ్లిన ఎడ్లబళ్లు గుర్తుకు వచ్చాయి. ఇరుసుకు వెనుక బరువు ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎడ్ల మెడల మీద నిలవదు. ముందు బరువు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగిపోతాయి. బండి తోలేవాడు చెరకు కట్టలను ముందుకూ వెనుకకూ జరిపి, కాడిని చేత్తో ఎత్తి చూసి, తృప్తి చెందిన తరువాతనే బయలుదేరేవాడు. ట్రైలర్ శాస్త్రమూ అదే. కొక్కెం మీద బరువు చాలకపోతే వేగంలో ట్రైలర్ పాము తోకలా ఊగి కారును కూడా తిప్పేస్తుంది. మరీ ఎక్కువైతే కారు వెనుక కుంగి, ముందు చక్రాలు నేల మీద పట్టు కోల్పోతాయి.

మూడవది, కారు స్వయంగా మోయగల బరువు. దీనిని చాలామంది మరచిపోతారు. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలో, మనుషులు, సామాను కలిపి ఎంత బరువుకు మించరాదో రాసి ఉంటుంది. లాగుడు సామర్థ్యాన్ని లెక్కగట్టేటప్పుడు కారులో ఇద్దరే ఉన్నారని భావించడం పరిపాటి. మన కుటుంబాలలో ఇద్దరే ప్రయాణించేది ఎప్పుడు? కొక్కెం మీద పడే బరువు కూడా ఈ చీటీలోని సంఖ్య నుంచే తీసివేయాలి.

చీటీలో 1,200 పౌండ్లు ఉన్నదనుకుందాం. పెద్దలు ముగ్గురు 460, పిల్లలు ముగ్గురు 210, కారులోని సామాను 150, కొక్కెం అమరిక 50. మొత్తం 870. మిగిలింది 330 పౌండ్లు. ఆ పెద్ద ట్రైలర్ కొక్కెం మీద మోపే బరువు, 12 శాతం చొప్పున, దాదాపు 490. అంటే ఇక్కడ కూడా 160 పౌండ్లు అధికమే. తల్లిని సుఖంగా తీసుకువెళ్లడానికి కొనదలచిన ట్రైలర్, తల్లి కారులో కూర్చోవడమే అదనపు బరువైన స్థితికి తెచ్చింది! ఈ మాట విన్నాక నా విద్యార్థి ఇరవై అడుగుల ట్రైలర్ గురించి మళ్లీ ప్రస్తావించలేదు.

ఎక్కడం కాదు, దిగడం

శృంగవరపుకోటవారికి ఘాట్ రోడ్డు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఇక్కడి నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలో ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని డ్రైవర్లు అంటారు. మన ఊరి మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో ఇనుప ఖనిజం మోసే రైళ్లు ఖాళీగా కొండ ఎక్కి, బరువుతో కొండ దిగుతాయి. అంత బరువును లాగడం కంటే అదుపులో ఉంచి దింపడమే అక్కడ అసలైన పని.

అరకు లోయ ఎత్తు సుమారు 3,000 అడుగులు. కొలరాడోలో డెన్వర్ నుంచి పడమరకు వెళ్లే రహదారి మీది ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైగా ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పలచబడి సాధారణ ఇంజిను తన బలంలో గణనీయమైన భాగం కోల్పోతుంది. దిగేటప్పుడు మైళ్ల కొద్దీ ఏటవాలు. బ్రేకు మీద కాలు అదిమి ఉంచితే అవి కాలిపోతాయి. ఇంజిను నిరోధంతోనే నెమ్మదిగా దిగాలి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. అనేక రాష్ట్రాలలో 3,000 పౌండ్లు దాటితేనే చట్టం వాటిని తప్పనిసరి చేస్తుంది, కొన్ని రాష్ట్రాలలో 1,500 నుంచే. చట్టం ఎక్కడ మొదలైనా, పిల్లలున్న కుటుంబం ఎంత చిన్న ట్రైలర్‌కైనా బ్రేకులు కోరడం మంచిది. కొక్కెం ఊడినా ట్రైలర్ విడిపోకుండా రెండు గొలుసులు అడ్డంగా పెనవేసి తగిలించాలి. ట్రైలర్ టైర్లలో కొన్ని గంటకు 65 మైళ్ల వేగానికే ఉద్దేశించినవి. వాటి వయస్సు కూడా చూడాలి. అరిగిపోకపోయినా పాతబడిన టైరు నమ్మదగినది కాదు.

ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. గొలుసులు, బ్రేకులు, టైర్లు – ఇవి ఈ కాలపు ఒంటె తాళ్లు.

నమాజు ఎత్తు

చిన్న ట్రైలర్లలో ఎన్నో రకాలున్నాయి. నీటిబొట్టు ఆకారంలో ఉండేవి అతి తేలికైనవి. 1,500 పౌండ్ల కార్లు కూడా వాటిలో తేలిక రకాలను లాగగలవు. అయితే వాటిలో పడుకోవడమే తప్ప నిలబడడానికి వీలులేదు. వంట వెనుక తలుపు ఎత్తి, బయట నిలబడి చేసుకోవాలి. ఇతరులకు ఇది చిన్న అసౌకర్యం. మనకు మాత్రం ఇందులో ఒక ధార్మిక విషయం ఉంది. నిలబడగలిగినవారు ఫర్జ్ నమాజును నిలబడి చేయడం విధి. పైకప్పు తక్కువగా ఉందన్న కారణంతో ఇంటిల్లిపాదీ కూర్చుని నమాజు చేయడం సరికాదు, బయటికి వచ్చి చేయాలి. వానలో, మంచులో, పరాయివారి మధ్య స్త్రీలకు అది ఎంత కష్టమో ఆలోచించండి. మోకాళ్ల నొప్పి వంటి నిజమైన అశక్తత ఉన్నవారికి కూర్చుని చేసే సౌలభ్యం షరీఅత్ ఇచ్చింది. కప్పు ఎత్తు మాత్రం మనం ఎంచుకున్నది.

మడిచిపెట్టే గుడారపు ట్రైలర్లు మరొక రకం. అవి తేలిక. దారిలో మడిచి ఉండడం వల్ల గాలి ఒత్తిడి తక్కువ. చేరిన తరువాత విప్పితే నిలబడేంత ఎత్తు వస్తుంది. కాని ప్రతి మజిలీలోనూ విప్పి మడవాలి. దారి మధ్యలో వృద్ధురాలికి అత్యవసరమైతే వెంటనే అక్కరకు రావు.

మూడవ రకం గుడ్డు ఆకారంలో ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసినవి. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టిన బోలర్ ట్రైలర్ వీటికి ఆద్యం. నేడు అమెరికాలో మిన్నెసోటాలోని స్కాంప్, టెక్సాస్‌లోని కసీటా ఈ కోవలో పేరున్నవి. పదమూడు అడుగుల స్కాంప్ ఖాళీ బరువు అమరికలను బట్టి సుమారు 1,200 నుంచి 1,500 పౌండ్లు. లోపల మధ్యలో ఆరడుగుల మనిషి నిలబడవచ్చు. చిన్న శౌచాలయం అమర్చిన రకమూ దొరుకుతుంది. గుండ్రని ఆకారం గాలిని చీల్చుకుపోతుంది. ఇది చిన్న విషయం కాదు. రహదారి వేగంలో ఇంజిను పోరాడేది బరువుతో కంటే ఎక్కువగా గాలితోనే. పోతపోసిన దేహం కనుక అతుకులు తక్కువ, వాన నీరు ఇంకే అవకాశమూ తక్కువ. అందువల్ల పాతవి కూడా కొనవచ్చు. అయితే కిటికీల అంచులు, నేల చెక్క మెత్తబడ్డాయేమో చేత్తో నొక్కి చూసుకోవాలి. పదిహేడు అడుగుల కసీటా కూడా చక్కనిదే కాని, నిండుగా సర్దితే 3,000 పౌండ్లు దాటిపోతుంది. ఆరుగురున్న సియెన్నాకు అది అంచు మీద నడక.

మళ్లీ లెక్క వేశాం. శౌచాలయం ఉన్న పదమూడు అడుగుల ట్రైలర్ ఖాళీ బరువు 1,500. పన్నెండు గ్యాలన్ల నీళ్లు 100, సిలిండరు, బ్యాటరీ కలిపి 90, సామాను 250. మొత్తం 1,940 పౌండ్లు. లాగుడు సామర్థ్యంలో సుమారు 55 శాతం. కొక్కెం మీద 230 పౌండ్లు. కారు చీటీలో మిగిలిన 330లో ఇంకా 100 మిగులు. కొండ ఎక్కడానికి, హఠాత్తుగా ఆపడానికి ఈ మిగులే శ్రీరామరక్ష అని మన ఊరి వాళ్లంటారు. మనం దానిని జాగ్రత్త అందాం, రక్షకుడు అల్లాహ్ మాత్రమే.

"కాని హజ్రత్, ఆరుగురం అందులో పట్టం కదా!" అన్నాడు విద్యార్థి. "ఇల్లంతా బండిలో ఇమడాలని ఎవరన్నారు? అమ్మ, నీ భార్య, చిన్నపిల్ల లోపల పడుకుంటారు. నీవు, ఇద్దరు మగపిల్లలు పక్కన గుడారం వేసుకోండి. నీ కొడుకులు జీవితాంతం గుర్తుంచుకునేది ఆ గుడారాన్నే" అన్నాను. ఇలా స్త్రీల గోప్యత కూడా నిలుస్తుంది.

నీటి పొదుపు, నేల మర్యాద

నీళ్లు ట్రైలర్‌లో అతి బరువైన సరుకు. లీటరుకు కిలో. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ, ఒక సా నుంచి అయిదు ముద్ద్‌ల నీటితో స్నానం చేసేవారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. హనఫీ లెక్కలో ముద్ద్ దాదాపు లీటరు. పన్నెండు గ్యాలన్లంటే 45 లీటర్లు. ఆరుగురు అయిదు పూటలా సున్నత్ ప్రకారం వుజూ చేస్తే 30 లీటర్లు సరిపోతాయి. కొళాయి తిప్పి వదిలేసే మన అలవాటుకు ఒక్క నమాజుకే తొట్టి ఖాళీ అవుతుంది. కొండ దారిలో వుజూకు, శౌచానికి సరిపడా మాత్రమే ఉంచుకుని, మజిలీ చేరాక తొట్టి నింపుకోవడం ఉత్తమం. బరువూ తగ్గుతుంది, సున్నత్ కూడా జీవిస్తుంది.

మురుగును కేటాయించిన చోటనే వదలాలి. జనం నడిచే దారిలో, నీడలో మలవిసర్జన చేయడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. ట్రైలర్ మురుగును చెట్టు కింద వదిలేవారికి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ట్రైలర్ కదులుతున్నప్పుడు అందులో ఎవరూ ఉండరాదు. పలు రాష్ట్రాలలో చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్న చోట కూడా బుద్ధి ఒప్పుకోరాదు. నానమ్మ కాళ్లు చాపుకోవాలన్నా కారు ఆగిన తరువాతనే. నమాజు కూడా ఆగి చేసుకోవాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్ల ప్రయాణ సంకల్పంతో ఊరి పొలిమేర దాటినవారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా ఖస్ర్ చేస్తారు. ఒక చోట పదిహేను రోజులు ఉండాలని సంకల్పిస్తే పూర్తిగా చేస్తారు.

రెండవ భారం

ఇక నా మొదటి ప్రశ్నకు వద్దాం. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు. బఖరా అధ్యాయంలోనే, వడ్డీని వదలనివారికి అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉంది. తల్లి సేవ గొప్ప పుణ్యకార్యం. కాని నిషిద్ధ మార్గంలో చేసే సేవకు ఆ శుభం ఎలా దక్కుతుంది? పైగా ఏడాదికి పది రోజులు వాడే వస్తువు కోసం పన్నెండేళ్ల రుణం తలకెత్తుకోవడం, కారుకు మించిన ట్రైలర్ తగిలించడం లాంటిదే. ఖర్చులో దుబారా, పిసినారితనం రెండింటినీ విడిచి మధ్యేమార్గం అవలంబించేవారిని ఖురాన్ ఫుర్ఖాన్ అధ్యాయంలో ప్రశంసించింది.

అందుచేత నా సలహా ఇది. ముందు అద్దెకు తీసుకోండి. అద్దె ధర్మసమ్మతం. మూడు రోజులు వాడి చూస్తే మీకు ఏది అవసరమో, ఏది ఆడంబరమో తేలిపోతుంది. లారీలు ఆగే చోట్ల ఉండే తూకపు వేదిక మీద కారు, ట్రైలర్ నిలిపి నిజమైన బరువు చూసుకోండి. నచ్చితే నగదు కూడిన రోజున కొనండి. కూడకపోతే అద్దెతోనే సరిపెట్టుకోండి. ట్రైలర్ సొంతం కాకపోయినా తల్లి దుఆ మీ సొంతమే.

ఇక్కడి మనకూ

ఇదంతా అమెరికా సంగతి కదా అని మనం పుట తిప్పేయరాదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను కూడా ప్రత్యేక వాహనంగానే పరిగణిస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. మన దగ్గర ప్రయాణపు ట్రైలర్లు అరుదు గాని, ట్రాక్టరు తొట్టిలో పెళ్లివారిని నింపి తీసుకువెళ్లడం అరుదు కాదు. ఏడుగురి జీపులో పద్నాలుగు మందిని, పైన బిర్యానీ డేగ్‌లను వేసుకుని అరకు ఘాట్ ఎక్కేవారిని ప్రతి సెలవుకూ చూస్తూనే ఉన్నాం. "ఏం కాదులెండి, అల్లాహ్ ఉన్నాడు" అంటారు. ఉన్నాడు. ఒంటెను కట్టమని తన ప్రవక్త ద్వారా చెప్పించినవాడూ ఆయనే.

మా విద్యార్థి పదమూడు అడుగుల ట్రైలర్‌ను అయిదు రోజులకు అద్దెకు తీసుకున్నాడు. తూకం వేయించాడు. 1,980 పౌండ్లు తూగిందని, మన లెక్కకు నలభై తేడా వచ్చిందని సంతోషంగా తెలియజేశాడు. తరువాత అతని తల్లి మాట్లాడారు. "హజ్రత్, మన చెరకు బండి కన్నా కొంచెమే పెద్దది. కాని ఫజర్‌కు ఎవరినీ లేపకుండా నేనే లేచి వుజూ చేసుకున్నాను" అన్నారు. ఆ కొడుకు వెతికినది ఇదే. దానికి ఇరవై అడుగులు అవసరం లేకపోయింది.

వాహనం ఎక్కినప్పుడు చదివే దుఆ జుఖ్రుఫ్ అధ్యాయం 13, 14 వాక్యాలలో ఉంది. ఈ వాహనాన్ని మనకు వశపరచినవాడు అల్లాహ్ అని, స్వయంగా వశపరచుకునే శక్తి మనకు లేదని, చివరకు మన ప్రభువు వైపునకే మరలిపోతామని అందులో మనం ఒప్పుకుంటాము. ఆ దుఆ నాలుక మీదనే కాక, సామాను సర్దే చేతులలోనూ ఉండాలి.

అల్లాహ్ మన ప్రయాణాలను శుభప్రదం చేయుగాక! మన శక్తికి తగిన భారాన్నే ఎంచుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.